కావలిలో పది నిమిషాలు

మా ఇంట్లోకి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరికో జ్వరం వచ్చిందన్నమాట. 1970ల చివర్లో కందుకూరులో మైనం కాగితం చుట్టిన బ్రెడ్డు చేత పట్టుకుని వీధిలో నడిచి వస్తుంటే, అరుగుల మీద కూర్చున్నవాళ్లు "ఎవరికి నాయనా ఒంట్లో బాగాలేదు?" అని తప్పకుండా అడిగేవారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి బ్రెడ్డు తినడమంటే మా నాయనమ్మ లెక్కలో కావాలని జబ్బును పిలుచుకోవడమే. పాలలో నానబెట్టిన ఆ ముక్కకు రుచీ పచీ ఉండేది కాదు. మందు తాగాక తినేది కాబట్టి మందు వాసనే దానిదీ అనిపించేది. జ్వరం తగ్గి, పథ్యం పెట్టే రోజున చారన్నం వాసన తగలగానే బ్రెడ్డు పీడ వదిలిందని సంబరపడేవాళ్లం.

అలాంటి బ్రెడ్డును జ్వరం లేనివాళ్లు దుకాణం ముందు గుంపుగా నిలబడి, డబ్బులిచ్చి, ఇంకొకటి కావాలని అడిగి మరీ తింటారని నాకు కావలిలో తెలిసింది.

మా మేనత్త ఇల్లు నెల్లూరు మూలాపేటలో. వేసవి సెలవులకో, పెళ్లికో, నాయనమ్మ కళ్లు డాక్టరుకు చూపించడానికో, ఏదో ఒక వంకన నెల్లూరు ప్రయాణం తగులుతూ ఉండేది. కందుకూరులో ఎర్రబస్సు ఎక్కితే గుడ్లూరు మీదుగా కావలి, అక్కడి నుంచి ట్రంకు రోడ్డు పట్టుకుని నెల్లూరు. అప్పట్లో జాతీయ రహదారి కావలి ఊరి నడుమ నుంచే పోయేది. మద్రాసు లారీలు, కలకత్తా లారీలు, ఎడ్లబండ్లు, రిక్షాలు, కాలేజీ పిల్లల సైకిళ్లు అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే. బస్సు పది నిమిషాలు ఆగుతుందని కండక్టరు కేక వేసేవాడు. ఆయన టీ ఎంత వేడిగా ఉంటే ఆ పది నిమిషాలు అంత సాగేవి.

నాన్న బస్సు దిగితే అమ్మ ప్రాణం కుదురుగా ఉండేది కాదు. "బస్సు కదిలిపోతే ఈ పిల్లలతో నేనేం చేయాలి?" అని కిటికీలోంచి అంటుండగానే ఆయన నన్ను రెక్క పట్టుకుని దించి, రోడ్డు దాటించేసేవారు. నాన్న బడిపంతులు. చొక్కా గుడ్డ కొనడానికి కూడా నాలుగు కొట్లు తిరిగి, ఇంటికొచ్చి ఆలోచించి, మర్నాడు వెళ్లి కొనే మనిషి. ఆ బేకరీ విషయంలో మాత్రం ఆయనకు ఎక్కడలేని తెగువ వచ్చేది.

దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ కుటుంబానికి ప్రచారం గిట్టదు, ఫోటోలు కూడా వద్దన్నారు. ముందు భాగం ఇరుకు, ఇద్దరు పక్కపక్కన నిలబడితే మూడో మనిషి రోడ్డు మీదే ఉండాలి. అద్దాల బీరువాలో పై అరన గులాబీ రంగు క్రీము పువ్వుల కేకులు, మధ్య అరన దిల్‌పసంద్ ముక్కలు, కొబ్బరి బన్నులు, కింద బ్రెడ్లు. గల్లాపెట్టె పక్కన మూతలు వంకరపోయిన గాజు సీసాల్లో ఉప్పు బిస్కెట్లు, వెన్న బిస్కెట్లు, రస్కులు. పాత బేకరీల గురించి రాసేవాళ్లు అక్కడ దొరికినదంతా అమృతమే అన్నట్టు రాస్తుంటారు. కాదు. ఆ క్రీము కేకులు బాగుండేవి కావు. డాల్డా అంగిట్లో పేరుకుని, నెల్లూరు చేరేదాకా వదిలేది కాదు. దిల్‌పసంద్ పరవాలేదు. రస్కులు మాత్రం నిజంగా మంచివి. వాటన్నిటినీ మించినది కారం సాండ్‌విచ్.

దాన్ని ఎలా చేసేవారో చెబుతాను. యజమాని అప్పటికి నడివయసు మనిషి, బనియను మీదే ఉండేవారు. పొడవాటి కత్తితో బ్రెడ్డును వేలెడు మందాన కోసేవారు. పెనం మీద వెన్న వేసి, అది నురగ కట్టి, చిటపటలు ఆగేదాకా ఊరుకునేవారు. ముందే ముక్క వేస్తే వెన్నలోని నీరంతా బ్రెడ్డు తాగేసి మెత్తబడిపోతుంది. మొదట ఒక వైపే కాల్చి, కాలిన ఆ వైపును లోపలికి తిప్పి దాని మీద ఎర్రకారం రాసేవారు. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు కలిపి రోట్లో నూరిన ముద్ద అది. నెల్లూరు కారం దోసె మీద రాసేదీ అదే. కాలిన వైపు గట్టిపడి ఉంటుంది కాబట్టి కారం లోపలికి ఇంకదు, పైనే నిలుస్తుంది. దాని మీద పప్పుల పొడి చల్లి, పల్చగా పోసిన గుడ్డు అట్టును మడిచి పెట్టి, రెండో ముక్క మూసి, అప్పుడు బయటి వైపులు కాల్చేవారు. గుడ్డు తినని వాళ్లకు ఉడికించిన బంగాళాదుంప. అట్లకాడతో అదిమినప్పుడు అంచుల్లోంచి ఎర్రటి వెన్న చుక్కలు జారి పెనం మీద సుయ్యిమనేవి. ఆ ఘాటుకు దుకాణం ముందున్నవాళ్లంతా ఒక్కసారిగా దగ్గేవారు. యజమాని ఒక్కరే దగ్గేవారు కాదు. మూల నుంచి మూలకు కోసి, బాదం ఆకులో పెట్టి, పాత పేపరు చుట్టి, పురికొసతో ఒక ముడి వేసి నాన్న చేతిలో పెట్టేవారు.

అమ్మ తిట్లు ఊరు దాటేదాకా సాగేవి. ఊరు దాటాక "ఇంతకీ ఏం తెచ్చారు?" అనేది. పొట్లం విప్పేది కూడా ఆవిడే. కొరికితే ముందు బ్రెడ్డు అంచు కరకరలాడేది, తర్వాత పప్పుల పొడి కమ్మదనం, ఆ వెనకే కారం. కళ్లలో నీళ్లు తిరిగేలోపు వెన్న వచ్చి సర్దిచెప్పేది. ఆ ఆకు మీద మిగిలిన ఎర్రటి పొడిని వేలితో అద్దుకుని నాకే హక్కు చెల్లెలిదని, అది చిన్నదని ఇంట్లో తీర్మానం జరిగింది. ఆ తీర్మానానికి నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

ఆ తర్వాత చదువు, ఉద్యోగం, హైదరాబాదు. నెల్లూరు వెళ్లాలంటే రాత్రి రైలెక్కి తెల్లవారుజామున దిగడం అలవాటైంది. కావలి స్టేషను నిద్రలోనే దాటిపోయేది.

పోయినేడాది మే నెలలో మేనత్త మనవరాలి పెళ్లికి కారులో బయల్దేరాం. నడిపింది మా తమ్ముడి కొడుకు. నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా వచ్చి మేదరమెట్ల దగ్గర జాతీయ రహదారి ఎక్కాం. ఒంగోలులో ఆగి అల్లూరయ్య మైసూర్‌పాకు కొన్నాం, పెళ్లివాళ్లు ఫోను చేసి మరీ చెప్పారు కాబట్టి. సింగరాయకొండ దాటాక ఉలవపాడు మామిడిపండ్ల గుట్టలు రోడ్డు పక్కన మొదలయ్యాయి. అక్కడి దుకాణాల బోర్డుల మీద కొన్నిటికి ప్రకాశం జిల్లా అని, కొన్నిటికి నెల్లూరు జిల్లా అని ఉంది. రెండూ నిజమే. 1970కి ముందు మా కందుకూరు వైపు ఊళ్లన్నీ నెల్లూరు జిల్లావే. ఆ ఏడాది కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిపారు, రెండేళ్లకు దానికి ప్రకాశం పేరు పెట్టారు, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరుకు అప్పగించారు. ఇల్లు కదలకుండా జిల్లాలు తిరిగినవాళ్లం మేం.

కావలి దగ్గరికి వచ్చేసరికి రహదారి ఊరిని పక్కన వదిలేసి బైపాస్ మీద సాగిపోతోంది. పాత 5వ నంబరు రహదారిని స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరుసలు చేశారు, తర్వాత నంబరు కూడా 16 అయింది. దూరప్రయాణం చేసేవాడికి ఇప్పుడు కావలి ఒక బోర్డు, ఒక బాణం గుర్తు, అంతే. ట్రంకు రోడ్డు మీద దారినపోయేవాళ్లను నమ్ముకున్న దుకాణాలు ఎన్నో అలా చల్లబడ్డాయి.

"ఊళ్లోకి వెళ్తే అరగంట పోతుంది పెదనాన్నా. ముందు మంచి ఫుడ్‌కోర్టు ఉందట" అన్నాడు అబ్బాయి.

"పోనీ. ఎడమవైపు తిప్పు" అన్నాను.

దుకాణం ఉంది. ఒక పక్క సెల్‌ఫోన్ల కొట్టు, ఇంకో పక్క అయ్యంగార్ బేకరీ. కర్ణాటకలో హాసన్ వైపు నుంచి వచ్చినవాళ్లు మొదలుపెట్టిన ఈ గుడ్డు లేని కేకుల దుకాణాలు ఇప్పుడు మా రెండు జిల్లాల్లో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. మా దుకాణానికి ఫ్లెక్సీ బోర్డు వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, ఫోనుతో డబ్బు కట్టే అట్టముక్క వచ్చింది. గాజు సీసాల స్థానంలో ప్లాస్టిక్ డబ్బాలు. పెనం దగ్గర యజమాని కోడలుగారు ఉన్నారు. యజమాని, ఎనభై దాటిన మనిషి, లోపల నవారు మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

"ఏ ఊరు నాయనా?"

"కందుకూరండీ. చిన్నప్పుడు మా నాన్న తీసుకొచ్చేవారు."

"ఏం చేసేవారు?"

"టీచరు."

ఆయన తల ఊపారు. నాన్న గుర్తున్నారా అని నేను అడగలేదు. ఆగి వెళ్లిపోయే బస్సుల్లోంచి దిగిన అన్ని వేలమందిలో ఒక పంతులుగారిని గుర్తుపెట్టుకోమనడం అన్యాయం. కానీ మాటలు కదిలాయి, ఆయనే చెప్పుకుంటూ పోయారు.

కావలికి దక్షిణంగా రైలు దారి మీద బిట్రగుంట ఉంది. బొగ్గు ఇంజన్ల కాలంలో అది పెద్ద రైల్వే ఊరు. అక్కడి లోకోషెడ్డులో ఇంజన్లు బొగ్గు, నీళ్లు పట్టేవి, సిబ్బంది మారేవారు. కాలనీలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డుల కుటుంబాలు చాలా ఉండేవి. డ్యూటీ ఎక్కేవాళ్ల టిఫిన్ పెట్టెల్లోకి బ్రెడ్డు, వెన్న, గుడ్డు కావాలి. ఈయన తండ్రి చిన్నతనంలో అక్కడ పిండి కలిపే పనిలో కుదిరి, బట్టీ పని నేర్చుకున్నారు. 1951లో కావలిలో జవహర్ భారతి కళాశాల వచ్చింది, హాస్టళ్లు వచ్చాయి. ఆకలి మీదుండే కుర్రవాళ్లు వందల్లో దొరుకుతారని లెక్కవేసుకుని ఆయన కావలికి మారి సొంత బట్టీ కట్టించారు.

"నాన్న రైల్వే వాళ్లకు చేసినట్టే వెన్న, గుడ్డు, మిరియాల పొడి వేసి ఇచ్చేవారు. కాలేజీ పిల్లలు ఒక్క కొరుకు కొరికి, ఎవరికో నలత చేస్తే పెట్టినట్టుంది తాతా అన్నారట. అమ్మ ఇంట్లో దోసెలకు నూరిన కారం ఆకులో పెట్టి పంపించింది, ఇది రాసి చూడమని. కనిపెట్టింది అమ్మ. పేరు నాన్నకు వచ్చింది" అన్నారు పెద్దాయన. ఈ మాట అన్నప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

కరెంటు ఇంజన్లు వచ్చాక బిట్రగుంట షెడ్డు వెలవెలబోయింది. కాలనీ కుటుంబాలు మద్రాసు వైపు కొన్ని, ఆస్ట్రేలియా వైపు కొన్ని వెళ్లిపోయాయి. అక్కడే ఉండిపోయి ఉంటే మేమూ మూతపడేవాళ్లమే అన్నారు.

బట్టీ చూస్తారా అన్నారు ఆయన కొడుకు. వెనక కొట్టం చీకటిగా, వేడిగా ఉంది. ఇటుకల గుమ్మటం, మనిషి నడుము ఎత్తున చిన్న నోరు. పిండి రాత్రే కలుపుతారు, ఈస్టు చాలా కొద్దిగా వేసి. తెల్లవార్లూ నెమ్మదిగా పులుస్తుంది. పొద్దున బట్టీలో సరుగుడు కట్టెలు పేర్చి మంట పెడతారు. మొదట గుమ్మటం లోపలంతా మసిపట్టి నల్లబడుతుంది. వేడి ముదిరేకొద్దీ ఆ మసి తనే కాలిపోయి, ఇటుకలు తెల్లగా బయటపడతాయి. అది గుర్తు. అప్పుడు నిప్పులు బయటికి లాగేసి, పొడవాటి కర్రకు కట్టిన తడి గోనెపట్టాతో నేల తుడుస్తారు. చారెడు మైదా లోపలికి విసురుతారు. చటుక్కున నల్లబడితే ఇంకా ఆగాలి, నిదానంగా ఎర్రబడితే అచ్చులు లోపలికి పంపొచ్చు.

అప్పటి నుంచి మళ్లీ మంట పెట్టరు. ఇటుకలు దాచుకున్న వేడితోనే రోజంతా గడుస్తుంది. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు బ్రెడ్లు, బన్నులు. కాస్త తగ్గాక కేకులు. ఇంకా తగ్గాక బిస్కెట్లు. రాత్రి దుకాణం కట్టేసే ముందు, నిన్నటి బ్రెడ్డు ముక్కలు పరిచిన ట్రేలు పెట్టి మూత వేసేస్తారు. చివరి వేడిలో తెల్లారేదాకా ఎండి అవి రస్కులవుతాయి. చిన్నప్పుడు నేను అంతగా మెచ్చుకున్న రస్కు వెనక కథ ఇదని ఇన్నేళ్లకు తెలిసింది. సాండ్‌విచ్‌కు కూడా నిన్నటి బ్రెడ్డే వాడతారు. అప్పుడే దించిన బ్రెడ్డు కత్తికి చిక్కదు, ముద్దయిపోతుంది.

ఆయన ఒక బ్రెడ్డును అచ్చులోంచి దులిపి, తిరగేసి, అడుగున వేలి కణుపుతో తట్టారు. బోలుగా మోగింది. "లోపల ఉడక్కపోతే ఈ మోత రాదు" అని నా చేత కూడా తట్టించారు. వేలు చురుక్కుమంది.

పొటాషియం బ్రోమేటు సంగతి నేనే ఎత్తాను. పిండి బాగా పొంగడానికి పెద్ద పెద్ద కంపెనీలు కలిపే ఆ రసాయనాన్ని 2016లో మన దేశంలో నిషేధించారు. "రాత్రంతా పులిసే పిండికి దాంతో పనేముంది సార్? గంటలో పొంగాలనుకున్నవాళ్లకు కావాలి అది" అన్నారు. నాకు ఈ మాట నచ్చింది. జ్వరానికి మేం కొన్న మైనం కాగితం బ్రెడ్డు మోడరన్ కంపెనీది. 1965లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టి, 2000లో హిందుస్థాన్ లీవర్‌కు అమ్మేసిన సంస్థ అది. దాన్ని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు, ఊరూరా బ్రెడ్డు అలవాటు చేసింది అదే. కానీ పులియడానికి సమయమిచ్చిన బ్రెడ్డుకు ఒక పుల్లటి జీర ఉంటుంది. ఎర్రకారం పక్కన నిలబడగలిగేది ఆ బ్రెడ్డే. కంపెనీ బ్రెడ్డుతో ఇంట్లో చేసి చూస్తే కారం ఒక్కటే తెలిసింది, బ్రెడ్డు ఆచూకీ లేదు.

1989 తుపాను గురించి అడక్కుండా కావలిలో పెద్దవాళ్లతో మాట్లాడటం కుదరదు. ఆ నవంబరు రెండో వారంలో తుపాను ఇక్కడికి దగ్గరలోనే తీరం దాటింది. ఆ రాత్రి ఈ దుకాణం రేకులు లేచిపోయాయి, పొగగొట్టం కూలింది. బట్టీ మాత్రం చెక్కుచెదరలేదు. కరెంటు లేదు, కానీ వీళ్లకు అప్పట్లో కరెంటుతో పనిలేదు, పిండి చేత్తో కలిపేవారు. అటక మీద తడవకుండా మిగిలిన మైదా మూటలు దించి బన్నులు చేయడం మొదలుపెట్టారు. తీరం పొడుగునా సరుగుడు తోపులు నేలమట్టమై ఉన్నాయి. పచ్చిగా ఉన్నా మండే కట్టె సరుగుడు, అందుకని కట్టెలకు కొరత రాలేదు.

"మరి డబ్బులు తీసుకున్నారా?" అన్నాను.

"ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకున్నాం" అన్నారు పెద్దాయన.

దారిన పోయేవాళ్లు తగ్గాక ఎలా నడుస్తోందని అడిగితే రెండు ఆధారాలు చెప్పారు. ఒకటి ఆస్పత్రులు. రోగులను చూడటానికి వెళ్లేవాళ్లు ఇప్పటికీ పొద్దున్నే బ్రెడ్డు, బన్నులు కొంటారు. రెండోది క్రిస్మస్. మా రెండు జిల్లాల్లో ఆ పండుగ వేళ్లు లోతైనవి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చారు, జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చారు, రామాయపట్నంలో వాళ్ల వేదాంత పాఠశాల 1870లలోనే వెలిసింది. పల్లెపల్లెనా చర్చి ఉంది కాబట్టి డిసెంబరులో కేకుల ఆర్డర్లు కుప్పలుగా వస్తాయట. ఆ నెలలో మాత్రం రోజుకు రెండుసార్లు మంట పెడతారు. నాకు ఆ కేకుల మీద పెద్దగా గురి లేదని ముందే చెప్పాను, ఆయనకు చెప్పలేదు.

సాండ్‌విచ్‌లు వచ్చాయి. బాదం ఆకు లేదు, వెండిరంగు రేకు కాగితం. కారం మిక్సీలో వేసింది, రోటిది కాదు. నూరిన కారంలో ఉల్లిపాయ నలిగీ నలగకుండా పంటికి తగులుతుంది, ఇది మరీ మెత్తగా ఉంది. ఆ ఒక్క తేడా పట్టేశాను. మిగతాదంతా అలాగే ఉంది. కోడలుగారు కూడా వెన్న చిటపటలు ఆగేదాకా ఊరుకున్నారు, కాలిన వైపే లోపలికి తిప్పారు. ఆమె కూడా దగ్గలేదు.

మా అబ్బాయి సగం తిని, నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, "బాగుంది పెదనాన్నా, కానీ నావల్ల కాదు" అని పక్కనున్న అయ్యంగార్ బేకరీకి వెళ్లి హనీ కేకు తెచ్చుకున్నాడు. మిగిలిన సగం నేనే కానిచ్చాను.

పెళ్లివాళ్లకని రస్కులు తూకం వేయిస్తుంటే, గ్యాస్ బట్టీ పెడితే శ్రమ తగ్గుతుంది కదా అన్నాను. నాలాంటి వాళ్లు చాలామంది అన్నారేమో, కోడలుగారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "కేకులకు పెట్టుకోవచ్చండీ. రస్కులను రాత్రంతా గ్యాసు మీద ఉంచితే చివరికి మాకు మిగిలేది బిల్లు. ఇటుకలు వేడికి బిల్లు వేయవు."

డబ్బులు లెక్కపెట్టి గల్లాలో వేసుకుని, సంచీ చేతికిస్తూ, "నెల్లూరు చేరేలోపు దారిలోనే తినేయకండి, పెళ్లివాళ్లకు కూడా కాసిని ఉంచండి" అన్నారు.